మూడు వేళ్ల ఖాళీ

జలంగీ ఒడ్డున దొర బంగళాలో
సిరా నూరే కుర్రాణ్ణి నేను.
దీపం మసి, తుమ్మజిగురు, కాసిన్ని నీళ్లు.
ఏ భాషకైనా అదే నలుపు.

ఆంబ్రోస్ థాక్‌వెల్ దొర మధ్యలో కూర్చునేవాడు.
కుడి పక్క తివాచీ మీద మా మామ, మున్షీ ఇనాయతుల్లా.
ఎడమ పక్క, దొర నీడ తగలనంత దూరంలో
దర్భచాప మీద గోలోక న్యాయభూషణుడు.
సంస్కృతం ఫారసీలోకి దిగి, కాస్త అలుపు తీర్చుకుని
ఇంగ్లీషు మెట్లెక్కేది.

ఒక వానాకాలం, ఒక శ్లోకంలో
బండి దిగబడింది.
అభిమానం.
"గర్వమా?" అన్నాడు దొర.
పండితుడు తల అడ్డంగా ఊపాడు.
"ప్రేమా? కోపమా?"
"రెండూ కావు. ఆ రెండూ లేకపోతే ఇదీ లేదు."
మామ నవ్వి "నాజ్" అన్నాడు. వెంటనే తనే,
"కాదులే, అందులో అద్దం ముందు నిలబడ్డ పిల్ల ఉంది,
ఇందులో తలుపేసుకున్న పిల్ల ఉంది" అన్నాడు.
దొర ఆ చోట మూడు వేళ్ల ఖాళీ వదిలి
ముందుకు సాగాడు.

నెలాఖరున జీతం
బంట్రోతు విసిరాడు.
ఒక రూపాయి చాప అంచు దాటి దొర్లి
నా సిరా మూకుట్లో పడింది.
దొర చూశాడు. చూసి, పుట తిప్పాడు.

మర్నాడు దర్భచాప ఖాళీ.
ఆ మర్నాడూ.
కబురు పంపితే జ్వరమన్నారు.
పళ్లు పంపితే తిరిగొచ్చాయి,
ఒక్కటీ తగ్గకుండా.

తొమ్మిదో రోజు దొర నడిచే వెళ్లాడు.
గొడుగు పట్టింది నేను, అతని ఎత్తు నాకు అందక
ఇద్దరం తడిశాం.
పండితుడు వెదురు దడి ఇవతలే పీట వేయించాడు,
కొత్త ముంతలో మంచినీళ్లిప్పించాడు.
ఏటి వరద గురించి మాట్లాడాడు,
పురుగు పట్టిన పనసచెట్టు గురించి మాట్లాడాడు.
దొరే జేబులోంచి తీశాడు,
ఎంత కడిగినా నలుపు వదలని ఆ రూపాయిని.
ఇవ్వలేక, దాచలేక
పిడికిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.
చివరికి, గొంతు పెగుల్చుకుని
"అభిమానం?" అన్నాడు.

న్యాయభూషణుడు మొదటిసారి అతని కళ్లలోకి చూశాడు.
"ఉచ్చారణ ఇంకా కుదరలేదు" అన్నాడు,
"రేపొస్తాను."

అయినా ఇంగ్లీషు మాట దొరకలేదు.
ఖాళీ ఖాళీగానే ఓడెక్కింది.

రెండేళ్లకు లండన్ నుంచి పుస్తకం వచ్చింది,
తోలు అట్ట, బంగారు అంచు.
దొర ఆ పుట తెరిచి
ఏమీ అనకుండా ముందుకు తోశాడు.
ఇంగ్లీషు రాని ముగ్గురం మెడలు సాచి చూశాం.
అక్షరాలు తెలియవు గానీ
నలుపు మధ్య తెలుపు నాకు తెలుసు.
లేదది.
ఏ అచ్చుకూటం మనిషో పొరపాటనుకుని
మాటల్ని దగ్గరికి జరిపేశాడు.
పంక్తి నున్నగా ఉంది,
ఎక్కడా ఎవరూ అలగనట్టు.