జమిలి పోగు

అరండల్‌పేట ఎనిమిదో లైనులో మేడమీద హాలు.
కింద టైర్ల కొట్టు, పైన దేశం.
ఆరింటికని కార్డులో వేస్తారు,
ఆరూ నలభైకి మైకు గొంతు సవరించుకుంటుంది.
నా పని చీటీలు.
పాత సభల ఆహ్వానపత్రాలు వెనక తెల్లగా ఉంటాయి గదా,
వాటిని నాలుగు ముక్కలు కోసి వరస వరసకీ పంచుతాను.
మూడు పెన్నులిస్తే రెండు తిరిగొస్తాయి.
ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క,
ఏ ప్రభుత్వమూ దీన్ని మార్చలేదు.

ఆవేళ విషయం జమిలి ఎన్నికలు.
వేదిక మీద ముగ్గురు వక్తలు, మధ్యలో వరదాచార్యులు గారు,
ఆయన ముందు ఇత్తడి గంట.
అడ్వకేటు కోటిరత్నం గారు రాజ్యాంగాన్ని
పేజీ నంబర్లతో సహా ఒప్పజెప్పారు.
రిటైరైన కలెక్టరు సుందర్రావు గారు
ఖర్చు లెక్కలు చెప్పారు, అన్నీ కోట్లు.
హాల్లో ఫ్యాన్లు రెండే తిరుగుతున్నాయి.
మూడో ఆయన పార్టీ మనిషి.
"చివరిగా ఒక్క మాట" అన్నారు.
దాని తర్వాత ఇంకో చివరి మాట.
లెక్కపెట్టాను, ఏడు.

ఇంతలో మిర్చి యార్డుకి పోయే లారీ ఒకటి
సందు మలుపులో ఇరుక్కున్నట్టుంది,
కిటికీలోంచి ఘాటు లోపలికొచ్చింది.
ముందు సమాఖ్య వ్యవస్థ తుమ్మింది.
తర్వాత ఖర్చు తగ్గింపు దగ్గింది.
ఒక్క నిమిషం, అటువాళ్లం ఇటువాళ్లం,
కళ్లు తుడుచుకుంటూ
అందరం ఏకాభిప్రాయంతో ఉన్నాం.

ప్రశ్నలకి పదిహేను నిమిషాలన్నారు,
మిగిలింది ఆరు.
నా సంచీలో పంతొమ్మిది చీటీలు.
అందించే ముందు చదువుతాను, తప్పే,
కానీ చదవకుండా ఎలా మోస్తాం.
ఒకాయన ఆరు ప్రశ్నలు ఒక్క ముక్కలో కుక్కి
కింద సంతకం, ఫోన్ నంబరు.
ఇంకొకాయన ప్రశ్న బదులు తన పద్యం రాశారు.
ఒకమ్మాయి: హాస్టల్లో ఉండే మా ఓటు ఏ ఊరిది?
ఒకటి: టీ ఎప్పుడు?
ఒకటి వంకర అక్షరాలతో, మూల నీలం మరకతో:

"అయ్యా, జమిలి అంటే మా మగ్గం దగ్గర
రెండు పోగులు కలిపి నేయడం.
గట్టిగా ఉంటది, నిజమే.
మధ్యలో ఒక పోగు తెగితే
రెండోదాన్ని కూడా తెంపాల్నా?
జంజనం నాంచారయ్య, మంగళగిరి."

వరదాచార్యులు గారు మూడు చీటీలు చదివారు,
ఆరు ప్రశ్నలాయనది అందులో ఉంది.
నాంచారయ్యది కళ్లజోడు పైకెత్తి చూసి
"ఇది చేనేత సమస్య, ఇవాళ్టి అంశం కాదు"
అని మంచినీళ్ల గ్లాసు కింద పెట్టారు.
పక్కనే నిలబడి ఉన్నాను.
చీటీలు పంచేవాడు మాట్లాడకూడదని
ఎవరూ ఎప్పుడూ అనలేదు.
అయినా మాట్లాడలేదు.

శాలువాలయ్యాయి. ఫొటోలయ్యాయి.
కుర్చీలు మడుస్తూ గ్లాసెత్తాను.
తడి గుండ్రంగా దిగి
"తెగితే" అన్నచోట సిరా పాకింది.
మడిచి జేబులో వేసుకున్నాను.

కింద టైర్ల కొట్టు అరుగు మీద ఆయనే,
చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ.
ఆఖరి బస్సుకి ఇంకా టైముందట.
చీటీ చదవలేదు, ఏమనుకోకండి, అన్నాను.
"దానికేముందిలే" అన్నాడు.
మరి తెగితే ఏం చేస్తారండీ?
గాల్లో రెండు వేళ్లు కలిపి మెలితిప్పి చూపించాడు.
"ముందు మగ్గం ఆపాల. తెగినదాన్నే ఎతికి ముడెయ్యాల.
ఆపకుండా నేసుకుపోతే గుడ్డ పొడుగునా గీత పడుద్ది.
ముడి కంటికి ఆనదు. వేలికి తెలుసుద్ది."
ఆ వేలి గోటి మీద నీలం.
ఓటు సిరా ఇంకా పోలేదా అన్నాను.
అద్దకం రంగట.

బస్టాండు ఆటో వచ్చింది, ముందు సీట్లో ఇరుక్కున్నాడు.
కదిలాక చూశాను,
చొక్కా జేబులో నా మూడో పెన్ను.
పిలవలేదు.