కూసింత సంబరం

కాశీనగర్‌లో ఆ వేసవి
ఐసు ఫ్యాక్టరీకి తాళం వేయించింది దాలమ్మ.
వేసింది పోలీసే.
ఆరోగ్య కమిటీ తీర్మానం కింద
మొదటి వేలిముద్ర మాత్రం ఈమెది.

పద్దెనిమిది మందికి వాంతులు, విరేచనాలు.
పర్లాకిమిడి తీసుకెళ్తుంటే
దారిలోనే ఒక గుంట పోయింది.
బరంపురం నుంచి ల్యాబు కాగితం
ఇరవై రోజులకి వచ్చింది,
ఐసులో ఏ దోషమూ లేదని.

ఆ వెనకే ఒడియాలో లాయరు నోటీసు.
బట్టలు కుట్టుకునే నేనే చదివిపెట్టాలి:
కూర్మారావు గారికి నష్టం నాలుగు లక్షలు,
పరువు వేరే.
"పరువెంతని రాసినాడు?" అంది.

బ్లాకాఫీసు గుమస్తా
అద్దాలు తుడుచుకుని ఒక పేరా వెతికాడు.
సద్భావంతో చేసిన పనికి
సభ్యుల మీద దావా నడవదట.
సద్భావమంటే తెలుగులో ఏం చెప్పాలో
చటుక్కున తట్టలేదు నాకు.
"కడుపులో ఏదీ పెట్టుకోకుండా" అన్నాను.

"ఎట్టుకున్నాన్రా నాయనా.
ఆడి తాత మా అయ్య పొలంగట్టు జరిపీసినాడు.
గుంట కోసమే ముద్రేసినాను, నిజం.
తాళం పడ్డప్పుడు మాత్రం
కూసింత సంబరమైంది.
ఆ కూసింతకీ సెక్షనుందేటో అడుగు."

నేను అడగలేదు.
ఆమె మాట గుమస్తాకి ఒడియాలో చెప్పనూ లేదు.

నిన్న మళ్ళీ మీటింగు,
వంశధార ఒడ్డున చేపల షెడ్డు గురించి.
వేలికి సిరా పూసుకుని ఆగిపోయింది దాలమ్మ.
ఆ షెడ్డు ఎవరిది, వాళ్ళతో తనకి
పాత అప్పుందా, మాటపట్టింపుందా,
పెళ్ళిలో పిలవకుండా వదిలేశారా
అని అందరి ముందూ పైకే
లెక్కపెట్టుకుంది.
సిరా ఆరిపోతే మళ్ళీ పూసుకుంది.

నొక్కాక, వేలు తుడుచుకోడానికి
నన్నో గుడ్డపేలిక అడిగింది.