ఊలు చిలప

కుయివాస్తు రేవులో మంచు గడ్డకట్టింది.
పదకొండింటి ఓడ లేదన్నారు,
ఒంటిగంటది చెప్పలేమన్నారు.
టికెట్ల కిటికీ మూసేసి హిల్యా బయటికొచ్చింది,
చంకలో సంచీ, సంచీలో నారింజ రంగు ఊలు.

బెంచీ మీద చేపల లారీ డ్రైవరు,
రైమొ అనుకుంటా పేరు,
ఫోన్లో ఎవరికో వాతావరణాన్ని తిట్టి చెబుతున్నాడు.
"చేతులిటు పెట్టు" అంది.
పెట్టాడు. ఎందుకని అడగలేదు.
ఆ గొంతుని మా దీవిలో ఎవరూ అడగరు.

రెండు మణికట్ల మీదా చిలప వేసి
ఉండ చుట్టడం మొదలెట్టింది.
దారం కుడికి జారితే అతని కుడిచెయ్యి కాస్త వంగుతుంది,
ఎడమకి జారితే ఎడమది.
స్టీరింగూ గేరూ సిగరెట్టూ తప్ప పట్టనెరగని చేతులు
పసిబిడ్డని అందుకోబోతున్నట్టు
గాల్లో ఆగిపోయాయి.
ముక్కు దురదపెట్టింది, ఓర్చుకున్నాడు.
ఫోను మోగింది, మోగనిచ్చాడు.

కాఫీ యంత్రం పక్కన నేను
తుడిచిన నేలే మళ్లీ తుడిచాను.

ఒకచోట చిక్కుపడింది.
ఆమె లాగలేదు.
అలిగిన మనిషితో మాట్లాడినట్టు
వేళ్లతో మెల్లగా వదులు చేసింది.
"ఎవరికి?" అన్నాడు.
"ఇంకా తెలీదు. నీక్కాదులే,
నీ చేతికి రెండు గొర్రెలు కావాలి."

ఒకటిన్నరకి ఓడ కూత వేసింది.
బయట ఇంజన్లు ఒక్కొక్కటే మేలుకున్నాయి.
మణికట్ల మీద ఇంకా పది పదిహేను చుట్లున్నాయి.
అతని లారీ వెనక కార్లన్నీ
హారన్లు కొడుతుంటే
తల తిప్పకుండా
"అవనీ" అన్నాడు.