ఇప్పటికి

ఇంగెబోర్గ్ త్వైట్ దగ్గర పదకొండు చలికాలాలు
టైపు కొట్టాను నేను,
డలూత్ ఊళ్లో, సుపీరియర్ సరస్సు
కిటికీ అద్దం మీద మంచుపొరై కూర్చునే మేడగదిలో.
గంటకు ముప్పై సెంట్లు, కాఫీ అదనం.
కాఫీ ఎప్పుడూ చల్లారిపోయే ఉండేది.

మొదటిరోజు ఒక వాక్యం ఇచ్చింది:
న్యాయమంటే ఇది.
కొట్టాను.
మధ్యాహ్నానికి కాగితం తిరిగొచ్చింది,
పెన్సిలుతో మధ్యలో ఒక మాట ఇరికించి:
న్యాయమంటే, ఇప్పటికి, ఇది.
ఆ ఒక్క మాట కోసం పేజీ అంతా మళ్లీ కొట్టాను,
లోలోపల తిట్టుకుంటూ.

నాకప్పుడు పంతొమ్మిదేళ్లు.
మా నాన్న వోయ్‌చెక్ ఇనుపరాయి రేవులో పార పట్టేవాడు.
ఆయనకి ఏ సంగతిలోనూ ఇప్పటికి అనేది లేదు.
తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు;
ఆ మూడుకాళ్ల మీదే మా ఇల్లంతా కుంటేది.

కాలేజీ వాళ్లు ఆమెను రెండేళ్లు పిలిచి మానేశారు.
తత్వం చెప్పమంటే మురుగుకాలవలు చెబుతుందని ఫిర్యాదు.
నిజమే, చెప్పేది.
పడమటి పేటలో విషజ్వరం తగిలిన ఏడాది
నేల గడ్డకట్టి, తవ్వే వీల్లేక
తొమ్మిది చిన్న శవపేటికలు
వసంతం కోసం గోదాములో ఎదురుచూశాయి.
ఆ ఏడాది పుస్తకం ఒక్క పేజీ కదల్లేదు.
గొట్టాల పటం చంకన పెట్టుకుని
రబ్బరు బూట్లతో ఇల్లిల్లూ తిరిగింది.

"నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు కదా" అన్నాను.
"నిలబడితే ఏం తెలుస్తుంది?
బండి ఎక్కించి చూడు, అది వంతెనో కాదో తెలుస్తుంది"
అంది, బూట్ల మంచు దులుపుతూ.

బడి నేలమాళిగలో సభ పెట్టారు.
ప్రతి గడపకీ పంపు సమాన దూరంలో ఉండాలని
ఆమె లెక్క, అందమైన లెక్క, నేనే కొట్టాను.
చేపలమ్మే లెంపి హౌతామాకి వెనక వరసలోంచి లేచింది:
"అడుగులు సమానమే తల్లీ, నేల సమానం కాదు.
నీ కాగితం మీద మా కొండేది?"

ఇంగెబోర్గ్ నీళ్లు నమల్లేదు.
అరవైమంది ముందు కళ్లజోడు తీసి
"తప్పు రాశాను" అంది.
ఆ రాత్రి నలభయ్యొక్క పేజీలు మళ్లీ కొట్టాను.
పాత అధ్యాయం నాలుగు మడతలు పడి
ఊగే బల్లకాలు కిందికి వెళ్లింది.
"ఇప్పటికి దాని ఉపయోగం ఇదీ" అంటూ నవ్వింది.
నాకూ నవ్వొచ్చింది, వేళ్లు నొప్పెడుతున్నా.

తర్వాత సమ్మె.
రేవు మనుషులు అడిగారు, గెలుస్తామా అని.
"చేసి చూద్దాం" అంది.
మూడోవారం కాపలావాడి లాఠీకి మా నాన్న దవడ విరిగింది.
ఆమె మా వంటింటికొచ్చి, కోటు విప్పకుండా కూర్చుంది.
నాన్న పలక మీద రాసి చూపించాడు,
మాట రాక:
చేసింది మేము. చూసింది నువ్వు.

చాలాసేపు పొయ్యి మీద గిన్నె ఒక్కటే మాట్లాడింది.

మర్నాడు ఒకే ఒక్క వాక్యం ఇచ్చింది:
ప్రయోగం ఖర్చు ఎవరి ఒంటి మీద పడుతుందో
మొదటి ఓటు వాళ్లది.
కొట్టి బల్ల మీద పెట్టాను.
మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది.
పెన్సిలు ముట్టుకోలేదు.
నేనూ అడగలేదు.

ఏప్రిల్లో, సరస్సు మంచు పగిలే చప్పుడులో పోయింది.
కొండ మీద రెండో పంపు అప్పటికి ఆర్నెల్ల వయసుది,
దాని పిడి కాస్త గట్టి, లెంపి ఇంకా సణుగుతోంది.

అచ్చుకి శుద్ధప్రతి కొడుతూ
ఆ వాక్యం దగ్గరికొచ్చాను.
ఆ మాట ఆమె మరిచిందా, వద్దనుకుందా?
నా వేలు మీటల మీద ఆగింది.
పలక, కోటు, గిన్నె.

వాక్యం ఉన్నది ఉన్నట్టే కొట్టాను.
మధ్యలో మాత్రం
ఒక్క మాట పట్టేంత చోటు వదిలాను.