ఒకటికి ఇరవై నాలుగు

పొద్దంతా ఆటోనగర్ల సొట్టలు తీస్త.
డాక్టర్ల కార్లు, కాంట్రాక్టర్ల కార్లు,
గేటుకు రాసుకున్నయి, బర్రెను తాకినయి,
ఇంట్ల చెప్పుకోలేని తాగుడు రాత్రులవి.
పుట్టీ పెట్టి, పేపరు కొట్టి, రంగు కలిపి
ఏం జరగలేదన్నట్టు చేసి
తాళం చేతుల పెడ్త.

రాత్రి శివనగర్ల, బల్బు కింద,
పీట మీద ఇంకో బండి.
జానెడు కూడ లేదు.

డబ్బాల వచ్చినప్పుడు అది బండి కాదు.
చింతగుత్తి లెక్క పుల్లలకు ఏలాడే ముక్కలు.
డబ్బా మీది బొమ్మల ఏదో మంచుకొండ,
దాని మీదికి ఎక్కుతున్న మిలిటరీ జీపు.
మంచుకొండతోని నాకేం పని?
నెయిల్‌కట్టర్‌తోని ఒక్కొక్క ముక్క తెంపిన.
తుపాకి తగిలిచ్చే కొక్కేలు గీకి పారేసిన.
ఐస్‌క్రీం పుల్లలు చీల్చి ఎనక రెండు బెంచీలేసిన.
ఇది నర్సంపేట రోడ్డు జీపు కావాలె.
యాకయ్య బండి కావాలె.

పదిమంది బండిల ఇరవై ఒక్కమంది.
బానెట్ మీద ఇద్దరు.
ఎనక ఇనుపమెట్టు మీద నేను,
ఒక చేతిల రాడ్డు, ఇంకో చేతిల టెన్త్ హాల్‌టికెట్.
గిర్నిబావి మలుపుల బండి ఒరిగిందంటే
మిర్చి బస్తాల మీద కూసున్నోళ్లంత
ఒక్కపారే తుమ్మేది.

స్వరూప అన్నం పెట్టుకుంట అడిగింది,
"దానికి లెక్కేంది?"
ఒకటికి ఇరవై నాలుగు, అన్న.
మనిషి రెండు ముప్పావు అంగుళాలైతడు,
నర్సంపేట కిలోమీటరున్నరల వస్తది.
"మంచిది" అని
పళ్లెంల నాలుగు మెతుకులేసి గిన్నెకు మూత పెట్టింది.
నేను మొఖం చూస్తే గాని మళ్ల తీయలే.

పగలు మాపిన గీతలు రాత్రి గీస్త.
గుండుసూది కొసతోని డోరు మీద ఒకటి,
అది మచ్చాపూర్ కాడ ఎడ్లబండి గీకింది.
తుప్పుకు చపాటా మిర్చి పొడి అద్ది చూసిన.
రంగు మంచిగనే కుదిరింది,
నాలుగు తుమ్ములకు సైడు అద్దం ఎటో ఎగిరిపోయింది.
బియ్యపు గింజంత ముక్క.
మోకాళ్ల మీద, సెల్లు లైటుతోని,
ఒంటిగంట దాక దేవులాడిన. దొరకలే.

తెల్లారి గిర్నిబావికి పోయి
పాత రోడ్డు అంచుకున్న మొరం అగ్గిపెట్టెల తెచ్చిన.
బట్టల జల్లించి, జిగురు నీళ్లల్ల కలిపి,
పళ్ల బ్రష్షు గీరి చక్రాల మీద చిలకరిచ్చిన.
స్టీరింగుకు అన్నారం దర్గా దారం,
ఆకుపచ్చది, ఒక్క పోగు.

ఆదివారం యాకయ్యను పిలుచుకొచ్చిన.
ఇప్పుడు ఎనుమాముల కాడ గోదాముకు కావలుంటున్నడు.
బండి ఏ పాతినుప దుకాణంల తూకానికి పోయిందో
ఆయన చెప్పలే, నేను అడగలే.
పీట ముందు గొంతుక్కూసొని
కండ్లద్దాలు తుడుసుకొని శానసేపు చూసిండు.
"పోయిన లైటు కుడిది కాదుర, ఎడమది.
హారను పెట్టినవేంది? హారనేడిది దానికి?
డోరు మీద చరుసుడే గద"
అనుకుంట, పాత అలవాటు,
డోరు మీద బొటనేలు ఆనిచ్చిండు.

పొద్దుగాల కొట్టిన వార్నిషు. ఇంక పచ్చిదే.

ఏలు లేచేసరికి
డోరు నిండ ఆయన ముద్ర,
చుట్లు చుట్లు, నడుమ ఒక తెగిన గాటు.
ఆ బండి మొత్తంల
దానికొక్కదానికే నా లెక్క కుదరది.
అది ఒకటికి ఒకటి.

"అయ్యో, ఖరాబు చేస్తి" అన్నడు.
నా జేబుల రెండువేల నంబరు పేపరున్నది.
రెండు నిమిషాల పని.
హారను పీకేసిన. ఎడమ లైటుకు నల్లరంగేసిన.
డోరు జోలికి పోలే.

మొన్న స్వరూప బియ్యం ఏరుకుంట
రాయి అనుకొని పారెయ్యబోయి ఆగింది.
అరచేతిల పెట్టుకొని బల్బు కిందికి తెచ్చింది.
"నీ అద్దమే గద?
గింతదాంట్ల ఎనకొచ్చేటోళ్లు కనవడ్తరా?"

ముందుగాల ఊపిరి పట్టుకో, ఎగిరిపోతది, అన్న.
జిగురు మూత తీసిన.