రెండో ప్రూఫు

కురుపాం మార్కెట్ వెనక సందులో మా ప్రెస్సు.
పేజీకి నాలుగు రూపాయల లెక్కన
ఇరవై ఆరేళ్లుగా ఊరి తప్పులు దిద్దుతున్నాను.

మొన్నొక డిటెక్టివు నవల వచ్చింది.
పైన చీటీ. పొట్ట చాలని ఆ 'ఖ' చూడగానే
ఖలీలని తెలిసిపోయింది.
"రెండో ప్రూఫు నువ్వే చూడాల్రా.
తప్పులుంటే దిద్దు. మొహమాటపడకు."

నవల్లో ముగ్గురు పిల్లలు.
మేం నలుగురం.
జాలారిపేట ఎల్లాజీ, జ్ఞానాపురం ఎస్తేరు,
కోటవీధి నుంచి ఖలీలు, నేను.
చీకటి పడ్డాక హార్బరు గోడెక్కి
డాల్ఫిన్ నోస్ దీపం ఎన్ని చుట్లు తిరిగిందో పందెం.
ఓడినవాడు ఫ్యాక్టరీలోంచి
ఐసుముక్క కొట్టుకురావాలి.
చొక్కాలో దాచి పరిగెత్తి తెచ్చేసరికి
సగం ఐసు, సగం చొక్కా.

గుమస్తా సత్యలింగం పేరు మార్చాడు,
పరంధామయ్యని చేశాడు.
మొలతాడుకి తాళాలగుత్తి మాత్రం అదే.
వడ్డీలు రాసుకునే ఎర్రట్ట పుస్తకం అదే.
బాకీ తీర్చలేని ఆడవాళ్ల పేర్ల పక్కన
పెన్సిలుతో పెట్టే చుక్క,
అది కూడా మర్చిపోలేదు.

పేజీ 31. 'వర్షము'ని వర్షం చేశాను.
పేజీ 58. ఎస్సై రెండుసార్లు జీపు దిగాడు, ఒకసారి ఎక్కించాను.
పేజీ 90. లేతు మిషను పనివాణ్ణి పట్టుకెళ్లారు.
అక్కడ తప్పేం లేదు.
ఖలీలు బాబాయి గఫూర్‌ని అలాగే తీసుకుపోయారు,
చేతులకి గ్రీజు ఆరకముందే.
చొక్కా మీది ఎరుపు నెత్తురన్నారు.
పోర్టు దుమ్ము బాబూ అన్నాడు.
ఆ రోజుల్లో ఊళ్లో ఏ దండెం మీద చూసినా
అదే ఎరుపు.
తొమ్మిదేళ్లు జైల్లో ఉండొచ్చాడు.
తర్వాత ఎవరు తలుపు తట్టినా
లేచి నిలబడేవాడు.

ఆ రాత్రి ఖలీలుకి మలేరియా.
మంచం దిగలేదు, వాడికేం తెలీదు,
ముప్పై ఎనిమిదేళ్లు మా ముగ్గురికీ
అంతమాత్రం ఊరట.

పేజీ 112.
"ఐసు కొక్కేనికి పట్టు కోసం చుట్టిన నైలాను తాడు.
ఆ తాడులో ఇరుక్కుని ఆకుపచ్చ గాజుముక్క."

కొక్కెం ఏ పోలీసుకీ దొరకలేదు.
ఓడలొచ్చే కాలవలోకి విసిరింది నేను.
విసిరేముందు గాజుముక్క చూసింది నేనొక్కణ్ణే.
ఎస్తేరుకి చెప్పలేదు.
ఎల్లాజీకి ఎలా చెప్తాను,
వాళ్లమ్మ గాజది.

పేజీ తిప్పితే
వలల కుప్ప వెనక నాలుగో పిల్లాడు.
ఒళ్లు కాలిపోతూ, దుప్పటి కప్పుకుని,
నుదుటి మీద పెట్టుకోడానికి
ఐసుముక్క కోసం వచ్చినవాడు.

ఎందుకు నోరు విప్పలేదో నవల్లో లేదు.
నాకు గుర్తున్నది ఇంతే:
పైడమ్మ నెత్తళ్ల పులుసు కలిపి
మొదటి ముద్ద ఎప్పుడూ ఖలీలుకే పెట్టేది.
గఫూర్ లోపలున్న తొమ్మిదేళ్లూ
శుక్రవారం శుక్రవారం
అతని పెళ్లాం గుమ్మంలో చేపల గంప దించి
డబ్బులడక్కుండా, తలెత్తకుండా
వెళ్లిపోయేది.

రాత్రి ఎస్తేరుకి ఫోన్ చేసి చదివి వినిపించాను.
కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ. వెనక ఎవరో దగ్గుతున్నారు.
చాలాసేపటికి అంది,
"దుప్పటి ఏం రంగని రాశాడు?"
నీలం అన్నాను.
"నీలమే," అని పెట్టేసింది.

ఇక మిగిలింది చివరి పేజీ, చివరి వాక్యం.
"పరంధామయ్యని చంపింది."
పక్కన చుక్క.

చంపింది ఎవరు అనే చోట
ఆడా మగా తేలనివ్వని మాట అది.
పేరు జారిపోయిందంటే, అచ్చుతప్పు.
చుక్క సరైనదే అంటే
వాక్యం పూర్తయింది, మనిషి తెలిసిపోయింది.
జారిపోయిందని గుర్తు పెడితే
ఆ గుర్తు కొక్కెంలా ఉంటుంది.
పెడితే పేరు రాయాల్సింది నేను.

పైడమ్మ లేదు. ఎల్లాజీ పోయి మూడేళ్లు.
గఫూర్ ఉన్నాడు, ఎనభై దాటాయి,
కళ్లు కనపడవు, మనవరాలు చదివిపెడుతుంది.

పొద్దున్నే కట్ట కట్టి, బిల్లు రాసి పంపాను.
మొత్తం పేజీలు 214.
చూసినవి 213.