ఎనిమిదో గడి

బ్రాడీపేటను చూసే నేను ప్రణాళిక వేయడం నేర్చుకున్నాను.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అంటే
కళ్లు మూసుకున్నా కాళ్లు వెళ్లిపోతాయి.
అలాగే గీశాను చార్టు మీద
పన్నెండు వారాలు, పన్నెండు గడులు,
ఎర్ర స్కెచ్‌పెన్నుతో, స్కేలు జరగకుండా.

మొదటి వారం కరపత్రాలు, అయిదు వేలు.
రెండో వారం మైకు ఆటో.
మూడో వారం శంకర్‌విలాస్ సెంటర్లో ఫ్లెక్సీ.
"ఘాటంటే మాదే" అన్న మూడు ముక్కల్ని
విజయవాడ స్టూడియోలో
ఒక గంభీరమైన గొంతు చేత చెప్పించాను.
ఆ గొంతుకే రెండు వేలు.

సాంబ్రాజ్యం అత్త చార్టు చూసి
"బాగుందే, గోడ చెమ్మ కనపడకుండా పోయింది" అంది.

నేను మర్చిపోయింది ఒక్కటే:
గుంటూర్లో కారం కొనమంటున్నాను.
ఏ గడప ముందు ఆటో ఆగినా
"మేం కొట్టించుకున్నాంలే నాయనా."
తొడిమలు తీసిన వేళ్లు ఇంకా మండుతున్నాయని
చూపించింది ఒకావిడ,
ఆ వేళ్లతోనే మా కరపత్రం మడిచి
ఊగే కిటికీ రెక్క సందులో కుక్కింది.

ఆటో బాజీది పాత గుంటూరు.
అక్కడి సందులకు స్కేలు తెలీదు.
నిటారుగా వెళ్తూ వెళ్తూ
ఎవరి అరుగో అడ్డమొస్తే
మర్యాదగా పక్కకు తిరుగుతాయి.

తొమ్మిదో రోజు సాయంత్రం
కోచింగ్ హాస్టల్ గేటు దగ్గర
పెరుగు ప్యాకెట్లు పట్టుకుని నలుగురు పిల్లలు:
"అన్నా, కందిపొడి లేదా? యాభై గ్రాములు చాలు."
బాజీ గంభీరమైన గొంతును నొక్కేసి
తన బొంగురు గొంతుతో మైకందుకున్నాడు:
"రేపు ఇదే టైముకి కందిపొడి!
మెస్సు కూర మీది కోపానికి మందు!"

ఫోన్లో అరిచాను.
కందిపొడి ఎనిమిదో గడిలో ఉంది,
ఎనిమిదో వారమంటే ఎనిమిదో వారమే.
"అక్కా," అన్నాడు,
"వాళ్లకి ఆకలి ఇవాళే అయింది."

ఆ రాత్రి అత్త కంది వేయించింది.
నేను అలిగి చార్టు ముందు కూర్చున్నాను.
వాసన మాత్రం
ఏ గడీ అడక్కుండా వచ్చేసింది.

"మా నాన్న కాయ ఎండబోసేవాడు," అంది అత్త మూకుడు దించుతూ.
"పట్టా ఎక్కడ పరవాలి, ఏ రోజు తిరగెయ్యాలి
అన్నీ ముందే లెక్క.
అయినా ఎండినన్ని రాత్రులూ
పట్టా తాడు కాలి బొటనవేలికి చుట్టుకునే పడుకునేవాడు.
మబ్బుకి మన లెక్క ఎవరు చెప్తారే?"

వారం తిరిగేసరికి నాకు కొత్త పూనకం.
చార్టు చింపేద్దామన్నాను.
బాజీ అప్పటికే ఊరంతా మాటిచ్చాడు,
నల్లకారం, కరివేపాకు పొడి,
ఎవరో అడిగారని చికెన్ పచ్చడి కూడా.
అత్త చెయ్యి కడుక్కుని వచ్చింది.
"అడిగినవన్నీ వండితే కొట్టు కాదు, పెళ్లిపందిరి.
ప్యాకెట్టు చిన్నది చెయ్యి. మాట మార్చు. వీధి మార్చు.
కంది వేపు తగ్గించకు, రంగు కలపకు.
ఆ రెండూ గోడకి రాయి, స్కెచ్‌పెన్నుతోనే."

ఫ్లెక్సీ డబ్బు ముందే కట్టాం గనక
అది ఎక్కింది, "ఘాటంటే మాదే" అని.
రోజూ దాని కిందనుంచే
కందిపొడి సంచులతో వెళ్లాను, తలెత్తకుండా.

మేలో పరీక్షలయ్యాయి.
పిల్లలు పెట్టెలు సర్దుకున్నారు.
హాస్టల్ గేటుకు తాళం,
మా దగ్గర మిగిలినవి నూట పది చిన్న ప్యాకెట్లు.
బాజీ ఆటో పక్కన నిలబడి తల గోక్కుంటూ
"ఇప్పుడెటు అక్కా?" అన్నాడు.
మొదటిసారి నన్నడిగాడు.

కొత్త చార్టు తెచ్చాను.
ఈసారి పెన్సిలు.
ఎనిమిదో గడి కావాలనే ఖాళీగా వదిలాను,
ఎవరికి ఎప్పుడు ఆకలవుతుందో
దాంట్లో వచ్చి కూర్చుంటుందని.

పొద్దున చూస్తే
అందులో అత్త పాల లెక్క రాసుకుంది.